మధ్యలో బిగువు, కొసల్లో సడలింపు



మా మాస్టారి జ్ఞాపకార్థం జరుగుతున్న ఈ సభలో ఏ విషయం మీద మాట్లాడతారని నిర్వాహకులు అడిగితే హిస్టోన్ వేరియంట్ల మీద అన్నాను. ఫోన్లో అవతలి వైపు కాసేపు మాట లేదు. తర్వాత, "జనానికి అందేట్టు చెబుతారుగా" అన్నారు మర్యాదగా. ప్రయత్నిస్తాను. మాస్టారే ఉంటే ఆ షరతు పెట్టేవారు కారు. అర్థం కానివాడు లేచి అడగాలి, అడగలేదంటే అర్థమైనట్టే లెక్క అనేవారు.

ఆయన దగ్గర చదివినవాళ్లకు ఉల్లివేరు స్క్వాష్ గుర్తుండకపోదు. నీళ్ల సీసా మూతి మీద ఉల్లిగడ్డను నిలబెట్టి, వేళ్లు దిగాక పొద్దున్నే కొసలు కోసి, ఆమ్లంలో మెత్తబరిచి, ఎసిటోకార్మిన్ చుక్క వేసి, స్పిరిట్ దీపం మీద గోరువెచ్చన చేసి, కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ కాగితం ఉంచి బొటనవేలితో నొక్కాలి. వేలు పక్కకు జరిగిందా, కణాలన్నీ నలిగి ముద్దవుతాయి. కుదిరితే మాత్రం ఎర్రటి క్రోమోజోములు 16 విడివిడిగా పరుచుకుని కనిపిస్తాయి. ఒక్కోదానికి ఎక్కడో ఒకచోట సన్నని నొక్కు. రికార్డులో మేమందరం ఆ నొక్కును అందంగా, అన్నిటికీ సరిగ్గా మధ్యలో వేసేవాళ్లం, సీనియర్ల రికార్డులో అలాగే ఉండేది గనక. మాస్టారు బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది చూసి వేశావా, చూసి రాశావా?" అని అడిగేవారు.

ఆ నొక్కే సెంట్రోమియర్. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోమును లాక్కెళ్లే తంతువులు అక్కడే పట్టుకుంటాయి. అక్కడే ఎందుకు, ఆ చోటికి గుర్తేమిటి అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో మా పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. ఇప్పుడుంది. గుర్తు ఒక హిస్టోన్ వేరియంట్, అంటే మామూలు హిస్టోన్‌కు కాస్త మారిన రూపం. నా ఉపన్యాసంలో ఎక్కువ భాగం దాని కథే.

ముందు మామూలు హిస్టోన్ల సంగతి. మనిషి కణం ఒక్కోదానిలో ఉన్న డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు. అది ఇమడాల్సిన కేంద్రకం అడ్డకొలత మిల్లీమీటరులో నూరో వంతుకు అటూ ఇటూ. 1884లో అల్బ్రెక్ట్ కోసెల్ పెద్దబాతు రక్తకణాల నుంచి ఒక క్షార స్వభావపు ప్రోటీన్‌ను వేరుచేసి దానికి హిస్టోన్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు దాన్ని ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు. డీఎన్‌ఏ మీద పూసిన మందపాటి పూత అనుకున్నారు.

1973లో హ్యూయిష్, బర్గోయిన్ అనే ఇద్దరు ఎలుక కాలేయపు కేంద్రకాల్లో డీఎన్‌ఏ ఎంజైముతో తునిగితే ఏమవుతుందో చూశారు. తునకలు ఇష్టం వచ్చిన పొడవుల్లో రాలేదు. జెల్ మీద పరిగెత్తిస్తే మెట్లు మెట్లుగా, ఒక పొడవు, దానికి రెట్టింపు, మూడు రెట్లు, ఇలా వరస కట్టాయి. అంటే డీఎన్‌ఏను ఏదో ఒకటి సమానమైన ఎడాల్లో కాపాడుతోందన్నమాట. మరుసటి ఏడాది కేంబ్రిడ్జిలో రోజర్ కోర్న్‌బర్గ్ ఆ "ఏదో ఒకటి" ఏమిటో చెప్పాడు: హెచ్2ఎ, హెచ్2బి, హెచ్3, హెచ్4 అనే నాలుగు రకాల హిస్టోన్లు రెండేసి చొప్పున ఎనిమిది కలిసిన గుంపు, దాని చుట్టూ డీఎన్‌ఏ. దాన్నే న్యూక్లియోజోమ్ అంటున్నాం. 1997లో జ్యూరిక్‌లో టిమొతీ రిచ్‌మండ్ ప్రయోగశాలలో కరోలిన్ లూగర్ తదితరులు దాని స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూశారు. దాదాపు 147 బేస్ జతల డీఎన్‌ఏ, హిస్టోన్ల గుంపు చుట్టూ ఎడమవాటంగా ఒకటింబావు కంటే ఎక్కువ, రెండు కంటే తక్కువ చుట్లు తిరిగింది. లెక్కగా చెప్పాలంటే 1.65 చుట్లు.

దీన్ని తలపాగాతో పోల్చుకోండి. లోపలి చుట్టు ఎంత బిగువుగా ఉన్నా, కొసను ఎక్కడ దోపాం, ఎంత గట్టిగా దోపాం అన్న దాన్నిబట్టే అది నిలవడమూ జారడమూ ఉంటుంది. న్యూక్లియోజోములోనూ డీఎన్‌ఏ లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట ఉన్న కొసలు ఉన్నట్టుండి విడివడుతూ, మళ్లీ అంటుకుంటూ ఉంటాయి. ఆ కొసలను అదిమి పట్టేది హెచ్3 ప్రోటీన్ మొదట్లో ఉండే ఒక చిన్న సర్పిలం. గుంపు నడిబొడ్డున రెండు హెచ్3లు, రెండు హెచ్4లు. వాటికి అటొక హెచ్2ఎ–హెచ్2బి జంట, ఇటొక జంట. రెండు హెచ్2ఎలు ఎల్1 అనే మెలిక దగ్గర ఒకదానికొకటి తగులుతాయి. హెచ్2ఎ తోకవైపు భాగం నడిబొడ్డును పట్టుకుని తన జంటను ఊడిపోకుండా నిలుపుతుంది. పైముఖాన ఋణావేశం పేరుకున్న ఒక పల్లం ఉంది. బయటి ప్రోటీన్లు చాలా మటుకు వచ్చి వాలేది ఆ పల్లంలోనే. ఇన్ని వివరాలు ఎందుకు చెబుతున్నానంటే, వేరియంట్లు చేతులు పెట్టేదంతా ఈ చోట్లలోనే. గుంపు మొత్తం ఆకారాన్ని అవి మార్చవు. మార్చితే అది న్యూక్లియోజోమే కాదు.

హిస్టోన్లు ఎంత మొండివో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1969లో బఠానీ మొక్క హెచ్4నూ ఆవు హెచ్4నూ పోల్చి చూస్తే, 102 అమైనో ఆమ్లాల్లో తేడా రెండే చోట్ల. ఆవుకూ బఠానీకీ తాత ఒకడే అయిన కాలం వంద కోట్ల ఏళ్లకు పైబడిన మాట. అన్నేళ్లలో రెండు మార్పులు. కదిపితే కూలిపోయే నిర్మాణమే ఇంత భద్రంగా ఉంటుంది. అలాంటప్పుడు హెచ్3కూ హెచ్2ఎకూ ప్రకృతి పనిగట్టుకుని వేరియంట్లను ఎందుకు ఉంచుకుంది? హెచ్4కు దాదాపు లేనే లేవు. హెచ్2ఎకు అన్నిటికన్నా ఎక్కువ.

జవాబులో కొంత భాగం వేళకు సంబంధించినది. మామూలు హిస్టోన్లు కణం డీఎన్‌ఏను నకలు తీసుకునే దశలో మాత్రమే పెద్దఎత్తున తయారవుతాయి. కొత్త డీఎన్‌ఏకు కొత్త హిస్టోన్లు కావాలి కదా. ఆ దశ దాటాక ఎక్కడైనా న్యూక్లియోజోమ్ ఊడిపోతే భర్తీకి ఏముంటుంది? వేరియంట్లు ఉంటాయి. అవి ఏ వేళనైనా తయారవుతాయి. హెచ్3.3 ఆ పనే చేస్తుంది. జన్యువులు చురుగ్గా పనిచేసే చోట, ఊడడమూ పెట్టడమూ జరుగుతూనే ఉండే చోట అది పోగుపడుతుంది. మామూలు హెచ్3.1కూ దానికీ తేడా ఐదంటే ఐదు అమైనో ఆమ్లాలు. స్ఫటికంలో చూస్తే రెండు న్యూక్లియోజోములూ కవలలు. ఒకదాని మీద ఒకటి పెడితే గీత తేడా ఉండదు.

కానీ ఉప్పుతో పరీక్షిస్తే వేరే సంగతి బయటపడింది. 2007లో అమెరికాలో గ్యారీ ఫెల్సెన్‌ఫెల్డ్ ప్రయోగశాలలో చున్‌యువాన్ జిన్, హెచ్3.3 ఉన్న న్యూక్లియోజోములను కణాల నుంచి తీసి ఉప్పు గాఢతను పెంచుతూ పోయాడు. మామూలువాటికన్నా ముందే వాటి నుంచి పక్క జంటలు ఊడి వచ్చాయి. హెచ్3.3తో పాటు హెచ్2ఎ.జడ్ అనే మరో వేరియంట్ కూడా ఉన్నవి ఇంకా ముందే విడిపోయాయి. ఇక్కడొక తమాషా ఉంది. జన్యువులు మొదలయ్యే చోట న్యూక్లియోజోములే ఉండవని, అది ఖాళీ స్థలమని అప్పటికి అందరూ నమ్ముతున్నారు. వాడుకలో ఉన్న పద్ధతిలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పుకే ఈ జోడు వేరియంట్లవి రాలిపోయి ఖాళీగా కనిపిస్తున్నాయి! ఉప్పు తగ్గించి 2009లో మళ్లీ చేస్తే చాలా "ఖాళీ" చోట్లలో ఈ జోడు న్యూక్లియోజోములే కూర్చుని ఉన్నాయి. మాస్టారి ప్రశ్న ప్రయోగశాలకు కూడా వర్తిస్తుందని నాకు అనిపించిన సందర్భాల్లో ఇదొకటి.

హెచ్2ఎ.జడ్ విషయంలో ఇంకా చిక్కు ఉంది. అది మామూలు హెచ్2ఎతో దాదాపు 60 శాతమే పోలుతుంది, అంటే హెచ్3.3 లాంటి స్వల్ప భేదం కాదు. 2000లో లూగర్, ట్రెమెథిక్ బృందాలు దాని స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించాయి. ఇంత తేడా ఉన్నా మొత్తం ఆకారం అదే. మారినవి మూడు. పక్క జంటకూ నడిబొడ్డుకూ ఉన్న పట్టు కాస్త తగ్గింది. ఎల్1 మెలిక వేరుగా వంగింది. పైముఖాన ఉన్న ఋణావేశపు పల్లం ఇంకొంచెం విస్తరించింది. ఈ "కాస్త తగ్గింది" దగ్గరే ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి. ఒక ప్రయోగశాలలో అది న్యూక్లియోజోమును సడలించింది, మరొకచోట బిగించింది. నా అభిప్రాయంలో ఇద్దరూ చూసిందే చెప్పారు. పక్కన ఏ హెచ్3 ఉంది, ఏ డీఎన్‌ఏ వాడారు, ఎంత ఉప్పు వేశారు అన్న మూడూ మారితే జవాబూ మారుతుంది. ఫెల్సెన్‌ఫెల్డ్ ప్రయోగంలోనే మామూలు హెచ్3తో జతకట్టిన హెచ్2ఎ.జడ్ గట్టిగానే నిలిచింది.

పరిస్థితిని బట్టి హెచ్2ఎ.జడ్ తీరు మారుతుందనడానికి మొక్కల్లో ఒక అందమైన ఉదాహరణ ఉంది. అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్కలో ఎస్. వినోద్ కుమార్, ఫిలిప్ విగ్ 2010లో చూపింది ఇది: వేడి పెరిగితే కొన్ని జన్యువుల మొదట్లో ఉన్న హెచ్2ఎ.జడ్ న్యూక్లియోజోములు తొలగిపోతాయి, ఆ జన్యువులు మేల్కొంటాయి. హెచ్2ఎ.జడ్‌ను డీఎన్‌ఏ మీద కూర్చోబెట్టే యంత్రాంగంలో ఒక భాగం చెడిన మొక్క చల్లటి గదిలో కూడా వేడిలో పెరిగినట్టే పెరిగి, తొందరగా పూత పట్టింది. మొక్కకు థర్మామీటరు ఉందా అంటే, ఒకటి న్యూక్లియోజోములో ఉందని చెప్పొచ్చు.

మిగతా హెచ్2ఎ వేరియంట్లను త్వరగా దాటేస్తాను. 1992లో ఎలుక కాలేయంలో దొరికిన మాక్రోహెచ్2ఎకు తోకగా ఒక పెద్ద ప్రోటీన్ ముద్దే అతుక్కుని ఉంటుంది. మొత్తం మామూలు దానికి మూడింతలు. ఆడకణాల్లో నిద్రపుచ్చిన ఎక్స్ క్రోమోజోము మీద అది గుంపుగా చేరుతుంది. హెచ్2ఎ.ఎక్స్ నిర్మాణంలో పెద్ద మార్పేమీ తేదు. దాని తోకలో ఒక సెరిన్ ఉంది. డీఎన్‌ఏ తెగిన నిమిషాల్లో దానికి ఫాస్ఫేట్ తగిలి, "ఇక్కడ తెగింది" అన్న కబురు లక్షల బేస్ జతల మేరకు పాకుతుంది. రేడియేషన్ దెబ్బను కొలిచేవాళ్లు ఈనాటికీ ఈ గుర్తునే లెక్కపెడుతున్నారు.

హెచ్2ఎ.బీబీడీ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. దానికి తోకభాగం కురచ, ఋణావేశపు పల్లం ఇంచుమించు లేదు. మైక్రోకాకల్ న్యూక్లియేజ్ అనే ఎంజైమును మామూలు న్యూక్లియోజోముల మీద వదిలితే, బయట వేలాడే డీఎన్‌ఏను అంతా తినేసి 147 దగ్గర ఆగుతుంది. జెల్ మీద అక్కడొక దట్టమైన పట్టీ పడుతుంది. ఈ వేరియంట్‌తో చేస్తే పట్టీ కిందికి, 118 దగ్గరికి దిగింది. ఒక్కో కొసన పద్నాలుగు, పదిహేను జతల డీఎన్‌ఏ అంటుకోకుండా బయటే ఉందన్నమాట. జెల్ మీద ఆ రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అర సెంటీమీటరు కూడా ఉండకపోవచ్చు. కానీ వేరియంట్లు ఏం చేస్తాయో విద్యార్థికి చూపించడానికి నేను ముందుగా చూపేది ఆ బొమ్మనే.

ఇప్పుడు సెంట్రోమియర్ దగ్గరికి వద్దాం.

దాని గుర్తును కనిపెట్టింది ఒక రకంగా రోగుల శరీరాలే. స్క్లీరోడెర్మా అనే జబ్బులో చర్మం బిగుసుకుపోతుంది, చలికి వేళ్లు తెల్లబడి నీలమవుతాయి. ఆ రోగుల్లో కొందరి రక్తంలో తమ సొంత కేంద్రకాల మీదే యాంటీబాడీలు తయారవుతాయి. 1980లో మొరోయి, టాన్ తదితరులు ఆ రక్తరసాన్ని కణాల మీద పోస్తే క్రోమోజోముల నొక్కుల దగ్గర మాత్రమే చుక్కలు మెరిశాయి. 1985లో విలియం ఎర్న్‌షా, నవోమి రాత్‌ఫీల్డ్ ఆ యాంటీబాడీలు పట్టుకుంటున్న ప్రోటీన్లు మూడని తేల్చి సెన్ప్-ఎ, సెన్ప్-బి, సెన్ప్-సి అని పేర్లు పెట్టారు. మన ఊళ్లలో కీళ్లవాతం డాక్టర్లు రాసే ఏఎన్‌ఏ పరీక్ష రిపోర్టులో "సెంట్రోమియర్ ప్యాటర్న్" అని ఎప్పుడైనా చూశారా? అదే ఇది. నల్లటి మైదానంలో ఒక్కో కేంద్రకం నిండా విడివిడిగా పచ్చటి సన్నచుక్కలు. చీలుతున్న కణమైతే ఆ చుక్కలన్నీ నడుమ ఒకే వరసలో నిలబడతాయి. ల్యాబ్ టెక్నీషియన్‌కు అది రోజువారీ పని. ఆ చుక్క ప్రతిదానిలో ఒక వేరియంట్ మెరుస్తోందని ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో.

ఆ మూడింటిలో చిన్నది సెన్ప్-ఎ. 1987లో రాబర్ట్ మార్గోలిస్, డగ్లస్ పామర్ తదితరులు అది న్యూక్లియోజోములతో పాటే వస్తోందని, హిస్టోన్ లాగే ప్రవర్తిస్తోందని చూపారు. కానీ దాన్ని శుద్ధి చేసేంత మోతాదు ఎక్కడ దొరుకుతుంది? వాళ్లు వెతుక్కున్న చోటు ఆంబోతు వీర్యం. ఎందుకంటే వీర్యకణం తయారయ్యేటప్పుడు హిస్టోన్లు దాదాపు అన్నీ పోయి, వాటి చోటికి ప్రోటమైన్లు అనే వేరే ప్రోటీన్లు వస్తాయి. సెన్ప్-ఎ మాత్రం పోదు. మిగతావి ఖాళీ చేశాక దాన్ని ఏరడం సులువు. 1991లో అలాగే తీశారు, దాని క్రమంలో ఒక భాగం చదివితే హెచ్3 పోలిక బయటపడింది.

వృషణంలో హిస్టోన్లు పోయే ఆ క్రమం మీద మన దేశంలో దశాబ్దాలు పనిచేసినవారు ఎం.ఆర్.ఎస్. రావుగారు. మైసూరులో పుట్టి, బెంగళూరులో మొదట ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లోనూ పనిచేశారు. 2023లో కన్నుమూశారు. ఎలుక వృషణాల్లో మామూలు హిస్టోన్ల చోటికి ముందు వృషణానికే ప్రత్యేకమైన వేరియంట్లు, వాటి చోటికి మధ్యంతర ప్రోటీన్లు, ఆఖరికి ప్రోటమైన్లు వస్తాయి. ఆ మెట్లలో ఒక్కోదాని దగ్గర క్రోమాటిన్, అంటే డీఎన్‌ఏ ప్రోటీన్ల అల్లిక, ఎంత సడలుతోందో ఆయన బృందం 1980ల నుంచీ కొలిచింది. సడలిస్తే తప్ప ఊడదీయలేం కదా. మనిషి వృషణపు వేరియంట్ హెచ్3టి విషయంలో ఆ సడలింపు మూలాన్ని జపాన్ వాళ్లు 2010లో స్ఫటికంలో చూశారు. హెచ్3.1తో దానికి తేడా నాలుగు చోట్లే. న్యూక్లియోజోమును బలహీనపరిచేవి వాటిలో రెండు, 71వ స్థానమూ 111వ స్థానమూ. ఆ 111లో అలనిన్ పోయి వాలిన్ వచ్చింది. అంటే అదనంగా చేరింది రెండే రెండు కార్బన్ పరమాణువులు, వాటి హైడ్రోజన్లు.

ఆ జపాన్ ప్రయోగశాలే, టోక్యోలో వసేదా విశ్వవిద్యాలయంలో హితోషి కురుమిజాకాది, 2011లో సెన్ప్-ఎ న్యూక్లియోజోము నిర్మాణాన్ని కూడా ప్రకటించింది. 147 జతల డీఎన్‌ఏతో స్ఫటికం కట్టారు, బొమ్మలో 121 మాత్రమే కనిపించాయి. అటు 13, ఇటు 13 జతలు ఒకచోట నిలవక బొమ్మలో పడలేదు. కారణం కళ్లెదుటే ఉంది. కొసలను అదిమి పట్టాల్సిన ఆ మొదటి సర్పిలం సెన్ప్-ఎలో ఒక మెలిక కురచ. హెచ్3లో ఉండే పట్టు దీనిలో లేదు.

అయితే సెన్ప్-ఎ వదులైన హిస్టోన్ అని అనుకోవద్దు. దీనికి ఏడేళ్ల ముందే, 2004లో, శాన్ డియేగోలో బెన్ బ్లాక్, డాన్ క్లీవ్‌ల్యాండ్ తదితరులు వేరే దారిలో చూశారు. ప్రోటీన్లను భారజలంలో ఉంచి, ఏ భాగంలో హైడ్రోజన్లు ఎంత త్వరగా మారుతున్నాయో కొలిచారు. వదులైన భాగం త్వరగా మార్చుకుంటుంది, బిగువైనది ఆలస్యంగా. సెన్ప్-ఎ, హెచ్4 కలిసిన నడిబొడ్డు మామూలు హెచ్3 నడిబొడ్డు కన్నా బిగుసుకుని ఉంది. ఆ బిగువుకు కారణమైన భాగాన్ని కోసి మామూలు హెచ్3లో అతికిస్తే, ఆ సంకర హిస్టోన్ తనంతట తాను సెంట్రోమియర్ వెతుక్కుంటూ వెళ్లి కూర్చుంది! మధ్యలో బిగువు, కొసల్లో సడలింపు. ఒకే ప్రోటీన్‌లో రెండూ ఉన్నాయి, రెండూ వేర్వేరు పనులకు. నడిబొడ్డు బిగువు చిరునామా వంటి పని చేస్తే, కొసల సడలింపు ఏం చేస్తుంది?

దీనికి సరైన ప్రయోగం 2016లో ఫ్రాన్స్‌లో జరిగింది. సెన్ప్-ఎకు హెచ్3 మొదటి సర్పిలాన్ని తగిలించి, కొసలను బలవంతంగా బిగించారు. న్యూక్లియోజోమ్ బాగానే కట్టుకుంది. సెంట్రోమియర్‌కు కూడా చేరింది. కానీ కణం చీలేటప్పుడు క్రోమోజోములు తప్పుదారి పట్టాయి. మామూలు న్యూక్లియోజోముల కొసల దగ్గర హెచ్1 అనే మరో హిస్టోన్ వచ్చి కూర్చుంటుంది. సడలిన కొసల దగ్గర దానికి చోటు దొరకదు. బిగించినప్పుడు దొరికింది, వచ్చి కూర్చుంది, రావాల్సిన సెంట్రోమియర్ ప్రోటీన్లకు అడ్డమైంది. ఈ ప్రయోగమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. బొమ్మ చూసి ఊహించడంతో ఆగకుండా, ఊహించిన దాన్ని చెడగొట్టి చూశారు.

నడుమ ఒక పెద్ద గొడవ జరిగింది, దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. 2007లో స్టీవెన్ హెనికాఫ్ ప్రయోగశాలలో యామిని దలాల్ పండ్లఈగ కణాల సెంట్రోమియర్ న్యూక్లియోజోములను సూది కొసతో తడిమి ఎత్తు కొలిచే సూక్ష్మదర్శినిలో పెడితే, అవి మామూలువాటిలో సగమే ఎత్తు ఉన్నాయి. ఎనిమిది హిస్టోన్లు కాదు, నాలుగే, అది సగం న్యూక్లియోజోమ్ అని ఆ బృందం వాదించింది. 2009లో అదే ప్రయోగశాల ఇంకో అడుగు వేసి డీఎన్‌ఏ ఎడమవాటం కాదు, కుడివాటంగా చుట్టుకుందని ప్రకటించింది. ఇంకొకరు ఈస్ట్‌లో నాలుగు హిస్టోన్లు, హిస్టోన్ కాని ప్రోటీన్లు రెండు కలిసి ఆరు అన్నారు. సభల్లో మాటలు పెరిగాయి. తర్వాత వచ్చిన స్ఫటికాలు, క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని బొమ్మలు, కణాల్లో వెలుగు చుక్కలను ఒక్కొక్కటిగా ఆర్పి అణువులను లెక్కపెట్టిన ప్రయోగాలు మనిషి విషయంలో ఎనిమిది వైపే మొగ్గాయి. నేనూ ఆ పక్షమే. కొసలు విప్పుకుని ఉన్న న్యూక్లియోజోమును ఎత్తు ఒక్కటే చూసి సగమనుకోవడం తేలిక. కానీ సగం న్యూక్లియోజోమ్ అన్న మాట అని ఉండకపోతే కొసల మీద ఇంత నిశితంగా ఎవరూ చూసేవారు కారేమో.

స్ఫటికాల మీద కూడా ఒక మాట చెప్పాలి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే డీఎన్‌ఏ 601 అనే కృత్రిమ క్రమం. 1998లో లోవరీ, జొనాథన్ విడమ్ లెక్కలేనన్ని యాదృచ్ఛిక క్రమాల్లోంచి హిస్టోన్లను అన్నిటికన్నా గట్టిగా పట్టుకునేదాన్ని ఏరితే వచ్చింది అది. ప్రయోగాలకు ఎంతో అనువైనది. కానీ అంత గట్టిగా పట్టే డీఎన్‌ఏ మీద వేరియంట్ తెచ్చే చిన్న సడలింపు అణగిపోయి కనిపించకపోవచ్చు. కణంలో ఎక్కడా లేని డీఎన్‌ఏ మీద చూసి "తేడా లేదు" అని రాసిన వ్యాసాన్ని నేను కొంచెం జాగ్రత్తగా చదువుతాను.

సెంట్రోమియర్‌కు గుర్తు డీఎన్‌ఏ క్రమమే అయి ఉండొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మనిషిలో ఆ చోట 171 జతల క్రమం వేలసార్లు పునరావృతమవుతుంది. కానీ 1990లలో మెల్‌బోర్న్‌లో ఒక మనిషి క్రోమోజోము దొరికింది. దాని సెంట్రోమియర్‌లో ఆ పునరావృత క్రమమే లేదు. అయినా చక్కగా పనిచేస్తోంది. అక్కడ సెన్ప్-ఎ ఉంది. క్రమం పోయినా సెన్ప్-ఎ ఉంటే చాలు, సెన్ప్-ఎ పోతే క్రమం ఉండీ లాభం లేదు. ఇంతా చేసి మనిషి సెంట్రోమియర్ ఒక్కోదానిలో ఉండే సెన్ప్-ఎ అణువులు సుమారు 400. అక్కడి న్యూక్లియోజోముల్లో పాతికకు ఒకటి. మిగతావన్నీ మామూలు హెచ్3వే.

ఈ చిన్న గుర్తును చెడగొడితే ఏమవుతుందో చూపిన కథకు హైదరాబాద్‌తో బంధం ఉంది. అక్కడి సీసీఎంబీ సంస్థలో ఇమ్రాన్ సిద్ధిఖీ ప్రయోగశాలలో పరిశోధన చేసిన రవి మరుతాచలం, ఆపై కాలిఫోర్నియాలోని డేవిస్‌కు వెళ్లి సైమన్ చాన్ దగ్గర చేరారు. మొక్కల్లో సెన్ప్-ఎను సెన్‌హెచ్3 అంటారు. అరబిడాప్సిస్‌లో అసలు సెన్‌హెచ్3ను తీసేసి, తోక మార్చిన మరో రకాన్ని పెట్టారు. మొక్క బతికింది. దాన్ని మామూలు మొక్కతో సంకరం చేస్తే 2010లో వాళ్లు చూసిన విడ్డూరం ఇది: పుట్టిన పిల్లమొక్కల్లో కొన్నిటిలో, మార్చిన తల్లి వైపు నుంచి వచ్చిన క్రోమోజోములన్నీ మాయం. పిండం చీలే తొలి దశల్లోనే ఊడిపోయాయి. మిగిలింది ఒక్క తండ్రి సెట్టు. ఒకే పిండంలో రెండు రకాల సెంట్రోమియర్లు ఉన్నప్పుడు బలహీనమైనవి ఓడిపోయాయి.

విత్తనం పనిలో ఉన్నవాళ్లకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. ఒక రకాన్ని అచ్చంగా శుద్ధం చేయాలంటే ఆరేడు తరాలు తనలో తానే పరాగసంపర్కం చేయించుకుంటూ పోవాలి. ఒకే సెట్టు ఉన్న మొక్క దొరికితే ఆ సెట్టును రెట్టింపు చేస్తే చాలు, రెండు తరాల్లో పని అయిపోతుంది. మొక్కజొన్నలో ఏక సెట్టు మొక్కలు ఇచ్చే వేరే రకాలు అంతకు ముందే ఉన్నాయి. గోధుమలో సెన్‌హెచ్3ను మార్చి అదే పని సాధించామని 2020లో ప్రకటించారు. సైమన్ చాన్ ఇదంతా చూడలేదు. 2012లోనే పోయారు, చిన్న వయసులో.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. కొసలు ఇంత సడలిన న్యూక్లియోజోమ్ ఎంతకాలం నిలుస్తుంది? మామూలు కణాల్లో ప్రతిసారీ డీఎన్‌ఏ నకలయ్యేటప్పుడు సెన్ప్-ఎ రెండు నకళ్లకూ సగం సగం వెళ్తుంది. కొరత పడిన సగాన్ని కణం చీలిక పూర్తయ్యాక హెచ్‌జర్ప్ అనే సహాయక ప్రోటీన్ తెచ్చి నింపుతుంది. కానీ అండకణం? అది అమ్మాయి పుట్టకముందే తయారై, చీలికను నడుమలో ఆపేసి ఏళ్ల తరబడి కూర్చుంటుంది. నకలూ లేదు, నింపడమూ లేదు. 2016లో మైకేల్ ల్యాంప్‌సన్ బృందం ఎలుక అండకణాల్లో సెన్ప్-ఎ జన్యువునే తీసేసింది. ఏడాది దాటినా పాత సెన్ప్-ఎ అక్కడే ఉంది, ఆ ఎలుకలకు పిల్లలు కూడా పుట్టాయి. నడిబొడ్డు బిగువు, దాని మీద వచ్చి కూర్చునే సెన్ప్-సి, సెన్ప్-ఎన్ ప్రోటీన్ల అదుపు, ఈ రెండూ కలిసి కొసల సడలింపును సరిదిద్దుతున్నాయనుకోవచ్చు. అయితే 2019లో ఇయన్ చీజ్‌మన్ ప్రయోగశాల నక్షత్రచేప అండకణాల్లోనూ, చీలడం మానేసిన మనిషి కణాల్లోనూ చూస్తే, కొత్త సెన్ప్-ఎ నెమ్మదిగా, కొంచెం కొంచెంగా వచ్చి చేరుతూనే ఉంది. ఎలుకలో ఏడాది పాటు అక్కర్లేకపోయిన భర్తీ నక్షత్రచేపలో నడుస్తూనే ఉందన్నమాట. ఎలుక అండకణం ఆగేది నెలలు, మహా అయితే ఏడాదీ రెండేళ్లూ. మనిషిది నలభై ఏళ్లు ఆగొచ్చు. వయసు పైబడిన తల్లుల అండకణాల్లో క్రోమోజోములు తప్పుగా పంపిణీ కావడానికి వాటిని జతగా కట్టి ఉంచే కోహెసిన్ అరిగిపోవడాన్ని ముఖ్య కారణంగా చెబుతున్నారు. ఆ లెక్కలో సెన్ప్-ఎకు ఏమైనా వాటా ఉందో లేదో చూడడం మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. ఇక్కడ కూర్చున్న ఎమ్మెస్సీ పిల్లల్లో ఎవరైనా ఆ పనికి వెళ్తే, ముందు ఏ కణాల్లో, ఎంత ఉప్పులో చూశారో రాసిపెట్టుకోండి. ఇక ప్రశ్నలు అడగండి.